గెల్చిన దుడ్డు ఎవరు ఇప్పిస్తారు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు కలిపి చూస్తే సగానికి పైన బెట్టింగ్ యాప్‌ల మీదే ఉండాయి. అందుకని పొదుపు, లోన్లు, ఇన్సూరెన్స్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి పేజీ మొత్తం దీనికే ఇస్తా ఉన్నా. నేను తిరుపతిలో బ్యాంకులో పనిచేసి రిటైర్ అయినోణ్ణి, కౌంటర్ అవతల నిలబడి ఏడ్చిన పిలకాయల్ని చూసినోణ్ణి, అందుకే కొన్ని చోట్ల మాట గట్టిగా పడుంటాది, మనసులో పెట్టుకోవద్దు.

ప్రశ్న: సార్, నాది కొర్లగుంట, డిగ్రీ అయిపోయి మొబైల్ షాపులో చేస్తా ఉన్నా. క్రికెట్ బెట్టింగ్‌కి మూడు సైట్లు చూసి పెట్టుకున్నా. ఒకదానికి కురసావ్ లైసెన్స్ ఉంది, ఇంకోటి ఫస్ట్ డిపాజిట్‌కి 100 శాతం బోనస్ ఇస్తుంది, మూడోదానికి రేటింగ్ 4.6 ఉంది. చట్టం సంగతి వద్దు సార్, ఈ మూడిట్లో ఏది నమ్మొచ్చో ఎట్లా కనుక్కోవాలో అది చెప్పండి చాలు.

జవాబు: తమ్ముడూ, చట్టం వద్దన్నావ్ గానీ నువ్వు అడిగే నమ్మకం మొదలయ్యేదే ఆడ, రొంత ఓపిగ్గా చదువు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో మార్చి ఆన్‌లైన్ బెట్టింగ్‌ని కూడా దాంట్లోకి తెచ్చినారు, నడిపేవాళ్ళకే కాదు ఆడేవాళ్ళకి కూడా జైలు ఉంది, ఆడినోడికి 6 నెలల దాకా. తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ ఇంకో చట్టం చేసింది, 22వ తేదీ రాష్ట్రపతి సంతకం కూడా అయింది. దాని ప్రకారం దుడ్డు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, తెలివితో ఆడేదైనా అదృష్టం మీద ఆడేదైనా, నడిపినోడికి 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, దానికి అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చినోడికి 2 ఏళ్ళు, 50 లక్షలు. అంటే నువ్వు రాసిన మూడు సైట్లలో ఒక్కటి కూడా మన దేశంలో రూము బాడుగకి తీసుకుని బోర్డు పెట్టుకోలేదు. అట్లాంటోడు నీ దుడ్డు ఎగ్గొట్టినాడనుకో, ఎవరి తావకి పోతావ్? స్టేషన్‌కి పోతే ముందు నేను ఆడినా సార్ అని నువ్వే ఒప్పుకోవాల. కోర్టుకి పోదామంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 30వ సెక్షన్ ఉంది, పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెల్చినామని దావా వేసేదానికి లేదు అని. మన చిత్తూరు పక్క తోతాపురి రైతు ఫ్యాక్టరీకి కాయ తోలితే దుడ్డు ఎన్ని నెలలు లేటైనా తూకం చీటీ చేతిలో ఉంటాది, పది మంది కలిసి గేటు ముందర కూర్చుంటారు, కలెక్టరాఫీసుకి పోతారు. నీ సైటుకి గేటు యాడుంది?

కాబట్టి నేను ఏ సైట్‌నైనా చూసేది ఒక్క ప్రశ్నతోనే, గెల్చిన దుడ్డు ఇవ్వనంటే ఎవరు ఇప్పిస్తారు. నీ మూడిటినీ దీంతోనే చూద్దాం.

కురసావ్ అనేది వెనిజులా దగ్గర సముద్రంలో ఉండే చిన్న దీవి, నెదర్లాండ్స్ రాజ్యం కిందికి వస్తుంది. చాలా ఏళ్ళు ఆడ నాలుగు కంపెనీలకి పెద్ద లైసెన్సులు ఇచ్చి, వాళ్ళు కింద ఎవరికి పడితే వాళ్ళకి సబ్ లైసెన్సులు పంచుకునేలా ఉండేది, ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు అనే పేరు దానికి అందుకే వచ్చింది. 2024 డిసెంబర్లో కొత్త చట్టం పెట్టి రొంత బిగించినారు, ఇప్పుడు అక్కడి గేమింగ్ అథారిటీనే నేరుగా లైసెన్స్ ఇస్తుంది. సరే, బాగుపడిందనే అనుకుందాం. ఆ దీవి ఆఫీసు మన దేశంలో నిషేధం ఉన్న ఆటకి కొర్లగుంట కుర్రోడికి రావాల్సిన 40 వేలు ఇప్పిస్తుందా? పైగా సైటు అడుగున ఉండే ఆ ముద్ర చాలాసార్లు ఉత్త బొమ్మ, ఎవడైనా కాపీ చేసి అతికించుకోవచ్చు. లైసెన్స్ నిజమా కాదా అనేది ఆ బొమ్మ నొక్కి చూస్తే తెలీదు, లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు సొంత వెబ్‌సైట్‌కి నువ్వే వేరుగా పోయి, కంపెనీ పేరు, సైట్ అడ్రసు రెండూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని చూడాల. మన గవర్నమెంటు బ్లాక్ చేసేకొద్దీ ఈ సైట్లు అడ్రసు చివర ఒక అంకె, ఒక అక్షరం మార్చుకుని మళ్ళీ వస్తా ఉంటాయి. లైసెన్స్ ఒక అడ్రసుకి, నువ్వు దుడ్డు కట్టేది ఇంకో అడ్రసుకి.

బోనస్ సంగతికి పోయే ముందు రేటు ఎట్లా కడతారో తెలుసుకో, ఇది తెలియకుండానే మన పిలకాయలు సగం మంది దిగుతా ఉండారు. టాస్ మీద బెట్ అనుకో. బొమ్మా బొరుసా, సగం సగం అవకాశం. న్యాయంగా అయితే 100 పెట్టి గెలిస్తే 200 చేతికి రావాల, అంటే రేటు 2.00. సైట్లో రెండు పక్కలా 1.90 ఉంటాది. 100 సార్లు 100 చొప్పున పెట్టినావ్, 10,000 అయింది, 50 సార్లు గెల్చినావ్, 50 ఇంటూ 190, చేతికి 9,500. ఎవరూ మోసం చెయ్యలా, 500 పోయినాయి. నీకు నష్టం రాకుండా ఉండాలంటేనే 100కి 53 సార్లు కరెక్ట్‌గా చెప్పాల. క్రికెట్ నాకు బాగా తెలుసు అంటావేమో, ఆ రేటు కట్టినోడు అదే పనిగా కూర్చుని కట్టినాడు తమ్ముడూ, వాడికి నీకన్నా బాగా తెలుసు. రేటు నిజాయితీగా ఉందో లేదో చూడాలంటే రెండు పక్కల రేట్లకీ 1ని ఆ రేటుతో భాగించి కలుపు. 1.90, 1.90 అయితే 105 చిల్లర శాతం వస్తుంది, ఆ 100 పైన ఉండేదాంట్లోనే వాడి లాభం ఉంటాది. మ్యాచ్ నడస్తా ఉన్నప్పుడు ఒక్కో బంతికీ పెట్టే బెట్లలో అది ఇంకా ఎక్కువ ఉంటాది, లెక్కేసి చూసుకో.

ఇప్పుడు బోనస్. 10,000 కడితే ఇంకో 10,000 ఇస్తామంటారు. కింద సన్న అక్షరాల్లో వేజరింగ్ 35 రెట్లు అని ఉంటాది, అంటే ఆ బోనస్ బయటికి తీయాలంటే 3 లక్షల 50 వేల రూపాయల బెట్లు తిప్పాల. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం వందకి 5 చొప్పున సరాసరి 17,500 పోతాయి, 10,000 బోనస్ విడిపించుకునేదానికి. అది కూడా ఇన్ని రోజుల్లోపల తిప్పాల, ఇంతకన్నా తక్కువ రేటు ఉండే బెట్లు లెక్కలోకి రావు, ఇట్లా షరతులు బోలెడు.

ఇంక 4.6 రేటింగ్. దుడ్డు పెట్టే బెట్టింగ్ యాప్‌లని ప్లే స్టోర్లో మనకి పెట్టరు కదా, ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని నేరుగా ఫోన్లో ఎక్కించే ఫైలు, డౌన్‌లోడ్ చేసుకోమంటారు. మరి ఆ 4.6 ఎవరిచ్చినారు? ఎక్కువ శాతం ఇట్లాంటి రివ్యూ పేజీలు నడిపేది అఫిలియేట్లు. వాళ్ళ లింకు నుంచి చేరినోడు పోగొట్టుకునే దుడ్డులో వాళ్ళకి వాటా వస్తుంది. నువ్వు ఓడిపోతేనే దుడ్డొచ్చేవాడు నీకు మంచి సైటు చూపిస్తాడా చెప్పు. ఆ ఏపీకే ఫైలు ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే అదింకా పెద్ద ప్రమాదం, నీ బ్యాంకు ఓటీపీలు వాళ్ళు చదువుకోవచ్చు.

మా ఫ్రెండుకి 5,000 వచ్చినాయి సార్ అని అందరూ రాస్తారు. వస్తాయి. చిన్న మొత్తాలు టైముకి ఇచ్చేస్తారు, దాన్ని చూపించే నలుగురు చేరతారు. పెద్ద మొత్తం తీయబోయినప్పుడు కత మారుతుంది. డిపాజిట్‌కి అడగని కేవైసీ అప్పుడు అడుగుతారు, ఆధార్ ఫోటో సరిగ్గా లేదంటారు, చివరికి 30 శాతం టాక్స్ ముందుగా కడితే రిలీజ్ చేస్తాం అంటారు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకో, టాక్స్ అనేది ఇచ్చేదాంట్లో నుంచి కోసుకుంటారు, నీ జేబులో నుంచి విడిగా ఎవరి ఖాతాకో కట్టమనరు. కట్టమన్నారంటే అది మోసమే, ఇంక ఒక్క రూపాయి వెయ్యొద్దు.

మూడిట్లో ఏది అన్నావ్ కదా, ఏదీ వద్దు. మూడూ నా ప్రశ్న దగ్గరే ఆగిపోయినాయి.

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాళహస్తి. మ్యాచ్ లైవ్ వీడియో అదే యాప్‌లో కళ్ళ ముందర కనపడతా ఉంది, స్కోరు కనపడతా ఉంది. ఇంక మోసం చేసేదానికి ఏముంటాదన్నా?

జవాబు: 2022లో గుజరాత్ మెహసానా జిల్లాలో మోలీపూర్ అని ఒక ఊర్లో ఏం జరిగిందో చెప్తా. పొలం ఒకటి చదును చేసి, లైట్లు పెట్టి, కూలి పని చేసుకునే పిలకాయలకి చెన్నై, ముంబై జెర్సీలు తొడిగి క్రికెట్ ఆడించినారు. అంపైర్లకి వాకీటాకీలు ఇచ్చినారు, ఇప్పుడు ఫోర్ కావాల, ఇప్పుడు వికెట్ పడాల అని చెప్పేదానికి. కామెంటరీకి పేరున్న కామెంటేటర్ గొంతు అనుకరించేవాణ్ణి పెట్టినారు. అది ఐపీఎల్ అనుకుని రష్యాలో ఉండేవాళ్ళు టెలిగ్రామ్‌లో పందేలు కట్టినారు. పోలీసులు పట్టుకునేదాకా మ్యాచులు జరుగుతానే ఉన్నాయి. వీడియో కనపడితే నిజం అనుకోవద్దు నాయనా.

మ్యాచ్ నిజమైందే అనుకున్నా ఇంకో సంగతి ఉంది. స్టేడియంలో బాల్ పడినాక నీ ఫోన్లో కనపడేసరికి కొన్ని సెకండ్లు లేటు. సైటోడికి స్కోరు వేరే దారిలో నీకంటే ముందే వస్తాది. వాడు అవుట్ అని తెలుసుకుని రేటు ఆపేస్తాడు, నువ్వింకా బౌలర్ పరిగెత్తతా ఉన్నాడని చూస్తా ఉంటావ్.

ప్రశ్న: సార్, చిత్తూరు కట్టమంచి నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎవరో సీనియర్ చెప్పాడని కొత్త బ్యాంకు అకౌంట్ తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ వాళ్ళకిచ్చాడంట, నెలకి ఇంత అని ఇస్తామన్నారంట. ఇప్పుడు అకౌంట్ ఆగిపోయింది, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. వాడు ఒక్క బెట్ కూడా ఆడలేదు సార్, వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు.

జవాబు: అమ్మా, ముందు వాళ్ళ నాన్నగారికి ఈ రోజే చెప్పండి. ఇది ఇంట్లో దాచిపెట్టే విషయం కాదు, ఆయన తోడు లేకుండా ఆ పిల్లోడు దీన్ని దాటలేడు.

జరిగింది ఏంటంటే, బెట్టింగ్ సైట్లకి మన దేశంలో సొంత ఖాతా ఉండదు కదా, అందుకని ఇట్లా పిల్లల పేర్ల మీద, కూలోళ్ళ పేర్ల మీద ఖాతాలు బాడుగకి తీసుకుంటారు. ఆడేవాడు డిపాజిట్ చేసేటప్పుడు ఒకసారి ఏదో కిరాణా కొట్టు పేరు, రేపు ఇంకెవరిదో పేరు చూపిస్తా ఉంటాది చూడండి, అవన్నీ ఇట్లాంటి ఖాతాలే. అదే ఖాతాల్లోకి డిజిటల్ అరెస్టు మోసాల దుడ్డు, ఉద్యోగం ఇప్పిస్తామన్న మోసాల దుడ్డు కూడా వస్తుంది. యాడో ఒక పెద్దాయన సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాడు, దుడ్డు ఏ ఖాతాలో నుంచి ఏ ఖాతాలోకి పోయిందో పోలీసులు వరస పట్టి వస్తారు, ఆ వరసలో మీ వాడి పేరు తగిలింది. బెట్ ఆడలేదు అంటే సరిపోదమ్మా, ఖాతా ఇవ్వడమే తప్పు, చీటింగ్ కేసులో పేరు రావచ్చు.

చెయ్యాల్సింది, ఖాతా ఉన్న బ్రాంచికి పోయి ఏ స్టేషన్ వాళ్ళు ఆపించినారు, ఫిర్యాదు నంబరు ఏంది, ఎంత మొత్తం మీద అనేది రాతపూర్వకంగా తీసుకోండి. ఆ సీనియర్‌తో జరిగిన చాట్లు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యనివ్వద్దు, భయపడి పిల్లలు ముందు చేసే పని అదే, వాడు మోసపోయినాడు అనేదానికి సాక్ష్యం ఆ చాట్లే. వాడి పేరు మీదున్న ఆ సిమ్ బ్లాక్ చేయించండి. నోటీసుకి జవాబు ఇవ్వకుండా గమ్మున ఉండొద్దు, లాయర్‌ని పెట్టుకుని జవాబు ఇప్పించండి, మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వెయ్యాల్సి వస్తే ఆయనే చూసుకుంటాడు. ఆ నోటీసు నంబరు చెప్పి, 20 వేలు పంపితే కేసు తీసేస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు, ఇట్లాంటోళ్ళు కూడా తయారైనారు.

ఈ ఉత్తరం చదివే మిగతా పిలకాయలకి ఒక మాట. ఖాతా బాడుగకి ఇచ్చినోడికే కాదు, నిజంగా గెల్చి దుడ్డు తీసుకున్నోడికీ ఇదే గతి పట్టొచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక కుర్రోడు వచ్చినాడు, బెట్టింగ్‌లో 18 వేలు వచ్చినాయి, ఆ సంతోషం రెండ్రోజులు ఉండింది అంతే. ఆ 18 వేలు పంపిన ఖాతా ఏదో మోసం కేసుది. వాడి ఖాతా ఆగిపోయింది, ఆ ఖాతాలోనే వాడి జీతం, వాళ్ళమ్మ ఆపరేషన్‌కి చీటీ ఎత్తి వేసిన దుడ్డు. వేరే రాష్ట్రం స్టేషన్‌కి ఉత్తరాలు రాసి, మనిషి పోయి, నెలలు పట్టింది. ఆ పిల్లోడు కౌంటర్ అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది నాకింకా కళ్ళ ముందర ఉంది. గెల్చినా దుడ్డు నీది కాదు అనేది ఆరోజు నాకు అర్థమైంది.

ప్రశ్న: పలమనేరు నుంచి. విమానం ఎగిరే గేమ్‌కి ప్రిడిక్టర్ యాప్ అని టెలిగ్రామ్‌లో 3,000కి అమ్ముతా ఉండారు. ఫ్రీగా నాలుగు రోజులు టిప్స్ ఇచ్చినారు, నాలుగూ కరెక్ట్ అయినాయి సార్. కొనొచ్చా?

జవాబు: కొనొద్దు. ఆ నాలుగు రోజులు ఎట్లా కరెక్ట్ అయినాయో చెప్తా, నువ్వే లెక్కేసుకో. వాడి తావ 1,600 మంది నంబర్లు ఉండాయి అనుకో. మొదటి రోజు 800 మందికి అవును అని, 800 మందికి కాదు అని పంపుతాడు. ఏదో ఒకటి కరెక్ట్ అవుతుంది, తప్పు వచ్చిన 800 మందిని వదిలేస్తాడు. రెండో రోజు మిగిలిన వాళ్ళని మళ్ళీ సగం చేస్తాడు, 400. మూడో రోజు 200. నాలుగో రోజుకి 100 మంది మిగులుతారు, ఆ 100 మందికీ నాలుగుకి నాలుగు కరెక్టే. నువ్వు ఆ 100లో ఒకడివి, మిగతా 1,500 మంది నీకు కనపడరు. వందమంది 3,000 చొప్పున కొంటే 3 లక్షలు, వాడికి ఏమీ తెలియకుండానే.

ఆ గేమ్ సంగతి కూడా రొంత చెప్తా. విమానం పైకి పోయేకొద్దీ రేటు పెరుగుతుంది, అది మాయమయ్యేలోపల దుడ్డు తీసుకోవాల, లేకపోతే పెట్టింది పోతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ తనే చెప్పుకునేది 97 శాతం తిరిగి వస్తుంది అని. వినేదానికి ఎంతో బాగుంటాది. ఒక్కో రౌండు అర నిమిషం కూడా పట్టదు, గంటలోపల 100 రౌండ్లు అయిపోతాయి. రౌండుకి 100 పెడితే గంటలో 10,000 తిప్పినట్టు, సరాసరి 300 పోయినట్టు, నాలుగు గంటలు కూర్చుంటే 1,200. ఆ దుడ్డు సంపాదించాలంటే పలమనేరులో ఎన్ని రోజులు పనికి పోవాలో నీకే తెలుసు. ఇది ఆట నిజాయితీగా జరిగినప్పటి లెక్క. ఒరిజినల్ ఆటని అచ్చం అట్లానే కాపీ కొట్టిన నకిలీలు బోలెడు ఉండాయి, వాటిలో ఎంత తిరిగి ఇవ్వాలో వాడిష్టం. ఫలితం ముందే తాళం వేసి పెట్టినాం, తర్వాత మార్చలేం, మీరే చెక్ చేసుకోవచ్చు అని కొన్ని సైట్లు ఒక పొడుగాటి కోడ్ చూపిస్తాయి. ఆ లెక్క నిజంగానే చెక్ చెయ్యొచ్చు, రౌండు మధ్యలో మార్చలేదని తెలుస్తుంది. నీ దుడ్డు బయటికి ఇస్తాడో లేదో మాత్రం ఆ కోడ్‌లో ఉండదు.

ప్రశ్న: నగరి నుంచి సార్. మాకు తమిళనాడు బోర్డర్ పక్కనే. ఏపీలో బ్యాన్ కాబట్టి తిరుత్తణి పోయి ఆడితే పర్లేదు అంటున్నారు మా వాళ్ళు, నిజమేనా?

జవాబు: కాదు. తమిళనాడు వాళ్ళు కూడా 2022లో ఆన్‌లైన్ జూదం మీద సొంత చట్టం చేసుకున్నారు, తెలంగాణ అయితే 2017లోనే చేసింది, వీటన్నిటి పైన ఇప్పుడు కేంద్రం చట్టం ఉంది. నువ్వు యాడుండావో దాచే వీపీఎన్ పెట్టుకున్నా నీ యూపీఐ లావాదేవీ మన బ్యాంకులోనే కదా జరిగేది.

ప్రశ్న: ఫాంటసీ క్రికెట్ యాప్‌లో చట్టం రాకముందు వేసిన 2,300 వాలెట్‌లో ఉన్నాయి. అవి పోయినట్టేనా? గెల్చినదానికి టాక్స్ కట్టాలా? ఒక స్టూడెంట్, ఎస్వీ యూనివర్సిటీ.

జవాబు: 2025 ఆగస్టులో డ్రీమ్11 లాంటి పెద్ద కంపెనీలు దుడ్డు పెట్టే ఆటలు ఆపేసినప్పుడు బ్యాలెన్స్ వెనక్కి తీసుకోవచ్చని చెప్పినాయి. అది ఇండియాలో రిజిస్టర్ అయిన కంపెనీ అయితే యాప్‌లోనే విత్‌డ్రా పెట్టు, రాకపోతే వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చెయ్. చూసినావా, ఆఫీసు ఉండే కంపెనీకి ఇదొక్కటన్నా తేడా. కస్టమర్ కేర్ నంబరు మాత్రం గూగుల్లో వెతికి ఫోన్ చెయ్యొద్దు, దొంగ నంబర్లు ఉంటాయి. టాక్స్ అంటావా, ఆన్‌లైన్ గేముల్లో వచ్చిన నికర లాభం మీద 2023 ఏప్రిల్ నుంచి 30 శాతం, నీ ఆదాయం ఎంత తక్కువ ఉన్నా కట్టాల్సిందే, ఖర్చులు తీసేదానికి లేదు.

ప్రశ్న: మా బావ లండన్‌లో ఉంటాడు, ఆయన ఫుట్‌బాల్ మీద లీగల్‌గా బెట్ పెడతాడు. అక్కడ మంచి సైట్లు ఉన్నప్పుడు ఇక్కడ అన్నీ దొంగవే అని ఎట్లా అంటారు? రేణిగుంట.

జవాబు: మంచి ప్రశ్న. ఆడ పర్మిషన్ ఇచ్చే యూకే గ్యాంబ్లింగ్ కమిషన్ ఉంది, ఎగ్గొడితే ఎవరు ఇప్పిస్తారు అనేదానికి ఆడ జవాబు ఉంది. కంపెనీతో గొడవ తెగకపోతే వినేదానికి బయటి మధ్యవర్తి ఉంటాడు. ఆడే ముందే వయసు, ఐడీ చూడాల. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో బెట్ కట్టేదానికి లేదు. నన్ను ఆపండి అని ఒక్క చోట పేరు రాయించుకుంటే లైసెన్స్ ఉన్న అన్ని సైట్లూ ఆ మనిషిని రానివ్వకూడదు, గ్యామ్‌స్టాప్ అంటారు దాన్ని. ఆన్‌లైన్ స్లాట్ ఆటల్లో ఒక్కసారికి 5 పౌండ్లకి మించి పెట్టకూడదు, 25 ఏళ్ళ లోపు వాళ్ళకి 2 పౌండ్లే, 2025లో వచ్చింది ఈ రూలు. ఇంత కాపలా ఉన్నా 2023లో విలియం హిల్ గ్రూపుకి 1 కోటి 92 లక్షల పౌండ్ల దెబ్బ పడింది, కస్టమర్లని కాపాడే రూల్స్ పాటించలేదని. మీ బావకి ఉన్న ఆ కాపలాలో ఒక్కటి కూడా రేణిగుంటలో నీకు లేదు. ఆయన ఆడే సైటు పేరే పెట్టుకుని ఈడ వాట్సాప్‌లో ఐడీ అమ్మేవాడు ఆ కంపెనీ మనిషి కాడు. ఇంకోటి, లైసెన్స్ ఉన్నా రేటులో ఆ 5 శాతం మాత్రం లండన్‌లోనూ పోతానే ఉంటాది, మీ బావని అడుగు, ఏడాది మొత్తం మీద ఎంత వచ్చింది ఎంత పోయింది అని, రాసి పెట్టుకున్న లెక్క అడుగు.

ప్రశ్న: సార్, పుత్తూరు నుంచి ఒక అక్క రాస్తున్నా. మా తమ్ముడికి 26 ఏళ్ళు, తిరుపతిలో ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్‌కి తిరుగుతాడు. బెట్టింగ్‌లో 4 లక్షల దాకా పోగొట్టుకున్నాడు, లోన్ యాప్‌లు, ఫ్రెండ్స్ దగ్గర అప్పులు. అమ్మ కమ్మలు, గాజులు కుదవ పెట్టి అప్పు కట్టుకోమని ఒకసారి 1.5 లక్ష ఇచ్చింది, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క పెద్దది తగిలితే అన్నీ తీర్చేస్తా అక్కా అంటాడు. రాత్రిళ్ళు నిద్రపోడు, మొన్న చచ్చిపోతే పీడా పోతుంది అన్నాడు. మాకేం తోచట్లేదు.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. చచ్చిపోతా అన్న మాట ఊరికే అన్నాడులే అని వదలొద్దు. ఈ వారం వాణ్ణి రాత్రిళ్ళు ఒంటరిగా పడుకోనివ్వొద్దు. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, గవర్నమెంటుది, దుడ్డు అడగరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండు గంటలకైనా ఎత్తుతారు. వాడు చెయ్యనంటే నువ్వు చేసి ఏం చెయ్యాలో అడుగు.

ఇది బుద్ధి లేక చేసే పని అని ఇంట్లో తిట్టుకుంటా ఉంటారు కదా, కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదం అలవాటుకి విడిగా పేరుంది. పోయిన దుడ్డుని ఆటలోనే తెచ్చుకోవాలని మళ్ళీ దిగడం, ఒక్క పెద్దది తగిలితే చాలు అనుకోవడం, నిద్ర లేకపోవడం, అబద్ధాలు, ఇవన్నీ దాని లక్షణాలే. దానికి డాక్టర్లు ఉండారు.

దుడ్డు విషయంలో మీ అమ్మ చేసిన పొరపాటు ఒక్కటే, 1.5 లక్ష వాడి చేతికిచ్చింది. అప్పు తీరిన రోజు వాడికి బరువు దిగింది, లోన్ యాప్‌లో మళ్ళీ అప్పు పుట్టే వీలు వచ్చింది, మళ్ళీ దిగినాడు. ఇంక మీదట కట్టేది ఏదైనా అప్పిచ్చినోడికి మీరే నేరుగా కట్టండి, రసీదు తీసుకోండి. ముందు వాడి చేత అప్పులన్నీ ఒక కాయితం మీద రాయించు, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. మొదటిసారి పూర్తిగా చెప్పడు, రెండోసారి మూడోసారి అడగాల్సి వస్తాది, అరవకుండా అడుగు. జీతం ఇంకొన్ని నెలలు నీ ఖాతాకో అమ్మ ఖాతాకో పంపేలా చూడు, వాడికి రోజు ఖర్చుకి మాత్రం ఇవ్వండి. బ్యాంకుకి పోయి యూపీఐ లిమిట్ తగ్గించమనండి. వాడు కలెక్షన్ పని చేస్తాడన్నావ్, నాకు అన్నిటికన్నా భయం అదే, పరాయి దుడ్డు రోజూ చేతిలో ఆడుతుంది. కంపెనీ దుడ్డు ఇప్పటికే కదిలించినాడేమో ముందు అది కనుక్కో, అట్లా ఉంటే తీర్చాల్సిన మొదటి అప్పు అదే, ఆ తర్వాత ఆఫీసు లోపలి పనికి మార్చమని అడగమను.

లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి కాంటాక్ట్స్‌కి పంపుతామంటే భయపడి కట్టొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి 1930కి చెప్పండి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాయండి. బెట్టింగ్‌లో పోయిందంతా తెప్పిస్తాం, ఫీజు కట్టండి అని ఎవరైనా వస్తే వాళ్ళు కూడా ఆ గుంపే.

కమ్మలు తర్వాత విడిపించుకోవచ్చు, వడ్డీ మాత్రం ఆగకుండా కట్టుకుంటా రండి. సోమవారం పొద్దున్నే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి తీసుకుపో. నువ్వే తోడు పో, ఓపీ చీటీ నువ్వే రాయించు, వాణ్ణి ఆ లైన్లో ఒంటరిగా నిలబెట్టొద్దు.